పంచ్ తొమ్మిదికి, బయటపడేది పదకొండుకు: ఫాస్ట్ ఫుడ్ పనిలో ఓటీ (ఓవర్‌టైమ్) లెక్క

తమ్ముడూ, మీరు అడిగింది క్లుప్తంగా ఇది. ఊరు కల్వకుర్తి వైపు. జడ్చర్ల దగ్గర హైవే మీద ఒక చికెన్ చెయిన్ అవుట్‌లెట్‌లో పది నెలలుగా క్రూలో చేస్తున్నారు. జీతం 15,600. రోస్టర్‌లో మధ్యాహ్నం 12 నుంచి రాత్రి 9 అని ఉంటుంది, మధ్యలో గంట బ్రేక్, వారానికి ఒక వీకాఫ్. తొమ్మిదికి వేలిముద్ర పెట్టించి పంచ్ అవుట్ చేయిస్తారు. ఆ తర్వాత ఫ్రయ్యర్లు కడిగి, నేల తుడిచి, స్టాక్ లెక్క అప్పజెప్పి బయటపడేసరికి పదకొండు. అడిగితే మేనేజర్ "మంత్లీ శాలరీ వాళ్లకు ఓటీ ఉండదు, జాయినింగ్ రోజు సంతకం కూడా పెట్టావు" అన్నాడు. అది నిజమేనా, గట్టిగా అడిగితే ఉద్యోగం ఉంటుందా అని మీ టెన్షన్.

ముందు నా సంగతి చెప్పాలి. నేను లాయర్ని కాను. నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల్లో హోటళ్లకు, బేకరీలకు పీఎఫ్, ఈఎస్ఐ (ఉద్యోగుల వైద్య బీమా), లేబర్ రిజిస్టర్లు చూసే పని పద్దెనిమిదేళ్లు చేశాను. అంటే ఇన్నాళ్లూ నేను కూర్చున్న కుర్చీ ఓనరు పక్కది. నార్కట్‌పల్లి దాటాక ఒక హైవే హోటల్‌కు నెలాఖరున వెళ్లి, ముప్పై మంది హాజరు ఒకే పెన్నుతో గంటలో నింపిన రోజులున్నాయి. అందరూ పదింటికి వచ్చినట్టు, అందరూ ఏడింటికి వెళ్లినట్టు. అక్కడ రాత్రి పన్నెండుకు కూడా దోసె దొరుకుతుందని నాకు తెలుసు, నేనే తిన్నాను. అందుకే రిజిస్టర్‌లో ఏముందో చూసి భయపడొద్దని చెప్పే అర్హత నాకు ఇంకొకరికంటే కొంచెం ఎక్కువే ఉంది.

మేనేజర్ చెప్పిన రెండు మాటలూ తప్పే.

మంత్లీ శాలరీ అన్నది డబ్బు ఇచ్చే పద్ధతి మాత్రమే. నెలకిచ్చినా, వారానికిచ్చినా, రోజుకిచ్చినా ఆ డబ్బు కొన్న గంటలకు ఒక హద్దు ఉంటుంది. మన రాష్ట్రంలో దుకాణాలు, హోటళ్లు, రెస్టారెంట్లకు వర్తించేది 1988 నాటి షాప్స్ అండ్ ఎస్టాబ్లిష్‌మెంట్స్ చట్టం. ఉమ్మడి రాష్ట్రంలో చేసిందే, తెలంగాణ వచ్చాక ఇక్కడా కొనసాగుతోంది. దాని ప్రకారం రోజుకు 8 గంటలు, వారానికి 48. ఆపైన చేయించుకున్న ప్రతి గంటకూ మామూలు రేటుకు రెండింతలు. కేంద్రం తెచ్చిన వేతనాల కోడ్ అనే చట్టం 2019లో పాసై, 2025 నవంబర్ 21 నుంచి అమల్లోకి వచ్చింది. అందులోనూ ఓటీ అంటే రెండింతలకు తక్కువ కాకూడదనే ఉంది.

ఇక సంతకం. ఓటీ అడగనని మీరు నూరు రూపాయల స్టాంపు పేపర్ మీద రాసిచ్చినా అది చెల్లదు. చట్టప్రకారం రావాల్సిన డబ్బును వదులుకుంటానని ఉద్యోగి చేసుకునే ఏ ఒప్పందమైనా చెల్లదని వేతనాల కోడ్‌లోనే రాసి ఉంది. జాయినింగ్ రోజు పదిహేను కాగితాల మీద సంతకాలు పెట్టించుకుంటారు, ఒక్కటీ చదవనివ్వరు, ఒక్కదాని కాపీ కూడా ఇవ్వరు. వాటిని తలచుకుని కుంగిపోవాల్సిన పనిలేదు.

మీ మేనేజర్ కాస్త చదువుకున్నవాడైతే మూడో మాట కూడా అంటాడు: "2025 జూలైలో గవర్నమెంటు జీవో ఇచ్చింది, ఇప్పుడు రోజుకు పది గంటలు చేయించుకోవచ్చు." జీవో వచ్చిన మాట నిజమే. కానీ అది షాపులను పక్కనపెట్టి, వాణిజ్య సంస్థలకు ఇచ్చిన సడలింపు. మీ అవుట్‌లెట్ దాని కిందికి వస్తుందా రాదా అన్న వాదన అలా ఉంచండి, వస్తుందనే అనుకుందాం. అందులోనూ వారానికి 48 గంటల హద్దు కదల్లేదు. 48 దాటితే ఓటీ ఇవ్వాల్సిందే అని అదే జీవో చెబుతోంది. విరామంతో కలిపి రోజుకు 12 గంటలు, ఓటీ మూడు నెలలకు 144 గంటలు దాటకూడదు. మీరు రోజుకు పది గంటల చొప్పున ఆరు రోజులు, అంటే 60 గంటలు చేస్తున్నారు. రోజుకు ఎనిమిది లెక్కన చూసినా వారానికి 12 గంటల ఓటీ, వారానికి 48 లెక్కన చూసినా అవే 12. ఆ జీవో మీకు అడ్డు కాదు, మీ తరఫు సాక్షి. పైగా పదమూడు వారాలకు 156 గంటలవుతాయి, అంటే 144 కూడా దాటిపోయింది. హద్దు దాటి చేయించుకున్నది వాళ్ల తప్పు. దాటిన గంటలకు డబ్బు ఎగ్గొట్టే హక్కు దానివల్ల రాదు.

ఇప్పుడు లెక్క. కనీస వేతనాల లెక్కల్లో నెలంటే 26 పనిదినాలు. 15,600ని 26తో భాగిస్తే రోజుకు 600. ఎనిమిదితో భాగిస్తే గంటకు 75. రెండింతలు 150. వారానికి 12 గంటలంటే 1,800. పది నెలల్లో సెలవులు, మీరు చెప్పిన జ్వరం రోజులు పోగా నలభై వారాలు వేసుకున్నా 72,000. ఓనర్లు ఇక్కడ చేసే చిన్న గారడీ ఏమిటంటే 26 బదులు 30తో భాగిస్తారు. అప్పుడు గంట 65 అవుతుంది, రెండింతలు 130. గంటకు ఇరవై రూపాయలు అలా జారిపోతాయి. ఇంకొకటి, పేస్లిప్‌లో హెచ్ఆర్ఏ (ఇంటద్దె భత్యం), కన్వేయన్స్ (ప్రయాణ భత్యం) అని ముక్కలు చేసి ఉంటే అవి పక్కకు పోయి ఓటీ రేటు కొంత తగ్గొచ్చు. అయితే అలా పక్కకు తీసే ముక్కలు మొత్తంలో సగానికి మించకూడదు, మించినది తిరిగి జీతంలోనే కలుస్తుందని కోడ్ చెబుతోంది. బేసిక్ ఐదు వేలు చూపి మిగతాదంతా అలవెన్సులన్న పాత ఎత్తుగడ ఇక నడవదు. హోటళ్లు, రెస్టారెంట్ల పనికి రాష్ట్ర ప్రభుత్వం విడిగా కనీస వేతనం ప్రకటిస్తుంది, దానికి కలిసే కరువు భత్యం ఆరు నెలలకోసారి, ఏప్రిల్‌లో, అక్టోబర్‌లో మారుతుంది. మీ క్యాటగిరీ రేటు ఎంతో కార్మిక శాఖ వెబ్‌సైట్‌లో చూసుకోండి. మీ జీతమే దానికన్నా తక్కువగా ఉంటే ఓటీతో పాటు ఆ తేడా కూడా అడగాలి.

మధ్యలో ఒక మాట. యూట్యూబ్‌లో ఓటీ అని వెతికితే "నలభై గంటలు దాటితే ఒకటిన్నర రెట్లు" అని చెప్పే వీడియోలు వస్తాయి. అది అమెరికా లెక్క, అక్కడి 1938 నాటి చట్టం. మన నల్లగొండ పిల్లలు అక్కడ బర్గర్ల దుకాణాల్లో చేసి ఆ లెక్క ఇక్కడి తమ్ముళ్లకు ఫోన్లో చెబుతుంటారు. ఇక్కడ 48 గంటలు, రెండింతలు. గంటల్లో వాళ్లు నయం, రేటులో మనం నయం. చేతికి వచ్చే దగ్గర మాత్రం పోలికే లేదనుకోండి.

చట్టం ఇంత స్పష్టంగా ఉన్నా చాలామంది ఉత్త చేతులతో తిరిగి వస్తారు. ఎందుకంటే ఆఫీసర్ అడిగే మొదటి ప్రశ్న "తొమ్మిది తర్వాత మీరు అక్కడే ఉన్నారని ఏమిటి ఆధారం?" అని. మీ పంచ్ తొమ్మిది చూపిస్తుంది. అసలు పోరు ఇక్కడే.

మహబూబ్‌నగర్‌లో ఒక రెస్టారెంట్‌లో గిన్నెలు కడిగే ఒకామె ఉండేది. చదువు రాదు. బంగారం దుకాణం వాళ్లిచ్చిన గోడ క్యాలెండర్ ఇంట్లో వేలాడేది. రోజూ ఇంటికి పోగానే ఎన్ని గంటలు ఎక్కువ చేసిందో అన్ని గీతలు ఆ తేదీ గడిలో బొగ్గుతో గీసేది. పిల్లకు జ్వరమొచ్చి పోని రోజు సున్నా చుట్టేది. ఏడాదిన్నర అలా గీసింది. పనిలోంచి తీసేసినప్పుడు ఆ క్యాలెండర్లు చుట్టచుట్టి లేబర్ ఆఫీసుకు తెచ్చింది. నేను ఓనరు తరఫున రిజిస్టర్ పట్టుకుని వెళ్లాను, నా రిజిస్టర్‌లో అన్నీ ఎనిమిది గంటలే. ఆఫీసర్ రెండూ పక్కపక్కన పెట్టి, ఒక దసరా పండుగ రోజు చూశాడు. ఆమె గడిలో ఐదు గీతలు. నా రిజిస్టర్‌లో ఆ రోజు సెలవు. "పండుగకు బంద్ పెట్టారా?" అని అడిగాడు. ఆ రోజు మా ఓనరు అరవై కిలోల బిర్యానీ అమ్మాడు, బిల్లు బుక్కు నా సంచిలోనే ఉంది. నా నోట మాట రాలేదు. ఆ సాయంత్రమే రాజీ కుదిరింది. నేను రిజిస్టర్లు నింపడం మానేసింది కూడా ఆ తర్వాతే, అది వేరే కథ.

కాబట్టి ఈ రోజు నుంచి ఒక నోట్‌బుక్ పెట్టండి. తేదీ, వచ్చిన టైమ్, నిజంగా బయటపడిన టైమ్, ఆ రాత్రి పంచ్ తర్వాత చేసిన పని ఒక్క ముక్కలో. ఏ రోజుకారోజు రాయాలి. పది నెలలది ఒకే రాత్రి కూర్చుని నింపితే సిరా చూస్తేనే తెలిసిపోతుంది, ఒకే పెన్నుతో నింపిన నాకు ఆ సంగతి బాగా తెలుసు. పాతవాటికి గుర్తున్నంత వరకు విడిగా ఒక కాగితం మీద, "జ్ఞాపకం మీద రాసినది" అని పైన నిజాయితీగా రాసి పెట్టండి.

ఆ జ్ఞాపకానికి బలం చేకూర్చేవి మీ చుట్టూనే ఉన్నాయి. ఫ్రయ్యర్ నూనె పరీక్ష చేసి రాసే షీటు ఉంటుంది కదా, అందులో టైమ్, మీ సంతకం ఉంటాయి. వాడిన నూనెలో టోటల్ పోలార్ కాంపౌండ్స్ (నూనె మళ్లీ మళ్లీ కాగితే పెరిగే పదార్థాలు) 25 శాతం దాటకూడదని ఫుడ్ సేఫ్టీ వాళ్ల నియమం, అందుకే చెయిన్ల వాళ్లు ఆ షీటు తప్పకుండా రాయిస్తారు. రాత్రి 10:20కి నూనె చెక్ చేసినట్టు మీ సంతకం ఉంటే తొమ్మిదికి ఇంటికి పోయారన్న మాట ఎలా నిలబడుతుంది? క్లోజింగ్ చెక్‌లిస్టు, ఫ్రీజర్ టెంపరేచర్ షీటు కూడా అంతే. స్టోర్ వాట్సాప్ గ్రూపులో "క్లోజింగ్ ఫొటోలు పెట్టండి" అని మేనేజర్ అడిగిన మెసేజులు, మీరు పెట్టిన ఫొటోల టైమ్ స్క్రీన్‌షాట్ తీసుకోండి. గ్రూపులోంచి తీసేస్తే కొత్తవి రావు, ఫోన్ పోతే పాతవీ పోతాయి. కాబట్టి ముందే తీసి మెయిల్‌లో దాచుకోండి. రాత్రి టీ కొట్టులో ఫోన్‌పే చేసిన టైమ్, రూముకు వెళ్లిన ఆటో డబ్బులు, ఫోన్‌లో గూగుల్ టైమ్‌లైన్ ఆన్ చేసి ఉంటే అది. సీసీ కెమెరా ఫుటేజ్ ఉంటుంది కానీ కొన్ని రోజులకు పాతదాని మీద కొత్తది ఎక్కిపోతుంది, అందుకే మీ అర్జీలో ఫలానా తేదీల ఫుటేజ్ భద్రపరచమని ముందే రాయండి. ఒక్కటి గుర్తుంచుకోండి: కంపెనీ ఒరిజినల్ కాగితాలు ఇంటికి ఎత్తుకురావద్దు. అది దొంగతనం కేసుకు దారి తీస్తుంది. మీ సంతకం ఉన్న షీటును ఫొటో తీసుకుంటే చాలు.

జీతం, ఓటీ పూర్తిగా ఇచ్చామని నిరూపించే బాధ్యత యజమాని మీదే ఉంటుందని వేతనాల కోడ్ చెబుతోంది. మీరు గంటలకు నమ్మదగిన లెక్క చూపిస్తే చాలు, ఆ తర్వాత సమాధానం చెప్పుకోవాల్సింది వాళ్లు.

బ్రేక్ గురించి మీరు రాయలేదు, నేనే అడుగుతున్నాను: ఆ గంట నిజంగా మీదేనా? రష్ టైమ్‌లో ప్లేటు పక్కనపెట్టి కౌంటర్‌కు పరుగెత్తిస్తే అది విరామం కాదు, పనే. అలాంటి రోజులు కూడా నోట్‌బుక్‌లో పడాలి. కొన్ని చోట్ల పొద్దున పది నుంచి మూడు వరకు, మళ్లీ ఆరు నుంచి పదకొండు వరకు అని షిఫ్టును రెండు ముక్కలు చేస్తారు. మొదలుపెట్టిన దగ్గరి నుంచి ముగించేదాకా విరామాలతో కలిపి పన్నెండు గంటలు దాటకూడదు. ఆ షిఫ్టు పదమూడు.

ఇక అర్జీ ఎవరి మీద పెట్టాలి? ఇక్కడ చాలామంది బోల్తా పడతారు. బోర్డు మీదున్న పెద్ద బ్రాండ్ మీ యజమాని కాకపోవచ్చు. హైవే మీద చాలా అవుట్‌లెట్లు ఫ్రాంచైజీవి, కొన్నిచోట్ల మనుషులను మ్యాన్‌పవర్ కాంట్రాక్టర్ పెడతాడు. కస్టమర్‌కు ఇచ్చే బిల్లు చూడండి. దాని మీద జీఎస్టీ నంబరు, 14 అంకెల ఫుడ్ లైసెన్స్ నంబరు ఉంటాయి. ఆ లైసెన్స్ గోడకు కూడా తగిలించి ఉండాలి, అందులో అసలు నడిపేవాడి పేరు ఉంటుంది. మీ బ్యాంకు స్టేట్‌మెంట్‌లో జీతం ఏ పేరుతో పడుతోంది, ఈఎస్ఐ కార్డులో యజమాని పేరేముంది, ఈ మూడూ సరిచూడండి. తేడా ఉంటే అన్ని పేర్లూ అర్జీలో రాయండి, ఎవరు బాధ్యులో వాళ్లలో వాళ్లు తేల్చుకుంటారు. పనివాళ్లు పదిమంది లేదా అంతకు పైగా ఉండి, నెల జీతం 21,000 లోపు అయి ఉండీ ఈఎస్ఐ కార్డే లేకపోతే అది ఇంకో ఫిర్యాదు. మరిగే నూనె దగ్గర నిలబడే పనికి అదెంత అవసరమో నేను చెప్పక్కర్లేదు.

మొదట మేనేజర్‌కు, హెచ్ఆర్‌కు రాతపూర్వకంగా అడగండి. మెయిల్ మంచిది, వాట్సాప్ అయినా సరే. కోపం వద్దు, బెదిరింపు వద్దు. "ఫలానా తేదీ నుంచి వారానికి ఇన్ని గంటలు అదనంగా చేశాను, ఓటీ చెల్లించగలరు" అని నాలుగు వాక్యాలు. జవాబు రాకున్నా ఫరవాలేదు, అడిగారన్నదే కావాలి. పదిహేను రోజులు చూసి అసిస్టెంట్ లేబర్ ఆఫీసర్‌కు అర్జీ ఇవ్వండి. మీ సొంతూరు నాగర్‌కర్నూల్ జిల్లా అయినా పనిచేసే చోటు జడ్చర్ల కాబట్టి మహబూబ్‌నగర్ జిల్లా ఆఫీసే. రెండు కాపీలు తీసుకెళ్లి, ఒకదాని మీద ముద్ర, తేదీ వేయించుకోకుండా బయటికి రావద్దు. తీసుకోవడానికి నసిగితే సోమవారం కలెక్టరేట్‌లో జనం ఫిర్యాదులు తీసుకునే ప్రజావాణిలో అదే అర్జీ ఇవ్వండి. అక్కడ నంబరు పడుతుంది, అది తిరిగి లేబర్ ఆఫీసుకే వస్తుంది. ఈసారి నసగరు.

ఆ తర్వాత ఇరుపక్షాలను పిలుస్తారు. సగానికి పైగా తగాదాలు అక్కడే తెగుతాయి. ఓనరు తరఫున నాలాంటివాడు వస్తాడు, మంచిగా మాట్లాడి మొదట మూడో వంతు ఇస్తామంటాడు. లెక్క కాగితం చేతిలో ఉన్నవాడికి మూడో వంతు దగ్గర ఆగాల్సిన పనిలేదు. రాజీకి ఒప్పుకున్నా ఖాళీ కాగితం మీద, అంకె వేయని ఓచర్ మీద సంతకం పెట్టొద్దు, డబ్బు బ్యాంకులోనే వేయమనండి. కుదరకపోతే క్లెయిమ్ వేయాలి. కోడ్ ప్రకారం మూడేళ్లలోపు వేయొచ్చు, రావాల్సిన దానిపైన పదింతల వరకు పరిహారం వేసే అధికారం కూడా అధికారికి ఉంది. అది చూసి ఏడు లక్షలని కలలు కనకండి, వేసే అధికారం ఉండటం వేరు, వేయడం వేరు. కోడ్ రాకముందు నెలల బకాయి ఉన్నవాళ్లు మాత్రం మూడేళ్ల ధీమాతో కూర్చోవద్దు. పాత కనీస వేతనాల చట్టంలో గడువు ఆరు నెలలే, వేతన చెల్లింపు చట్టంలో ఏడాది.

మీతో పాటు క్లోజింగ్ చేసేవాళ్లు ఇంకో నలుగురు ఉంటారు. అందరూ కలిసి ఒకే క్లెయిమ్ వేయొచ్చు. ఒక్కడిని తీసేయడం తేలిక, అయిదుగురిని తీసేస్తే ఆ రాత్రి షట్టర్ ఎవరు దించుతారు?

ఉద్యోగం పోతుందా అన్నారు. పోదని నేను హామీ ఇవ్వలేను. కొందరు ఓనర్లు వెంటనే షిఫ్టు మారుస్తారు, దూరం స్టోర్‌కు వేస్తారు, తప్పులు వెతుకుతారు. అయితే మీకు ఆరు నెలలు దాటింది. సరైన కారణం లేకుండా తీసేయాలంటే నెల రోజుల ముందు రాతపూర్వక నోటీసు, లేదా ఆ నెల జీతం ఇవ్వాలి. తీసేసినా, మీరే మానేసినా రావాల్సిన మొత్తం రెండు పనిదినాల్లో ఇవ్వాలని కోడ్ చెబుతోంది. "యూనిఫాం తిరిగివ్వలేదు, క్యాష్ తక్కువొచ్చింది" అని కోతలు పెడతారు. క్యాష్ మీకు ప్రత్యేకంగా అప్పగించి, అది మీ నిర్లక్ష్యం వల్లే పోయిందని తేలితేనే కోయాలి. జరిమానా వేసినా ఆ నెల జీతంలో మూడు శాతం దాటకూడదు. అదీ మీ సంజాయిషీ విన్నాకే.

టీమ్ లీడర్ అని ప్రమోషన్ ఇచ్చి "ఇప్పుడు నువ్వు మేనేజ్‌మెంట్, ఓటీ లేదు" అనడం కూడా చూశాను. మీరు ఎవరినైనా ఉద్యోగంలో పెట్టగలరా, తీయగలరా, స్టోర్ మీ చేతిలో ఉందా? లేనప్పుడు చొక్కా మీది బ్యాడ్జీ మారిందంతే.

చెయిన్ కాకుండా మామూలు ఫాస్ట్ ఫుడ్ సెంటర్లో చేసే మాస్టర్లు, హెల్పర్లు కూడా ఇది చదువుతుంటారు కాబట్టి రెండు ముక్కలు. ఒక్క పనివాడున్నా షాపు షాపే, 1988 చట్టం వర్తిస్తుంది. మీకు పేస్లిప్ ఉండదు, కాబట్టి నోట్‌బుక్ ఇంకా ముఖ్యం. రోజువారీ బత్తా, భోజనం ఇస్తున్నాం కదా అంటే అది ఓటీ కిందికి రాదు. అడ్వాన్స్ తీసుకున్నారు కాబట్టి అడిగే హక్కు లేదంటే నమ్మొద్దు. గుంపు మేస్త్రీ చేతిలో అడ్వాన్స్ తీసుకుని ఊళ్లు విడిచి పోయిన పాలమూరు లేబర్ కథ మన తాతల నుంచీ వింటున్నదే. అప్పు చూపించి మనిషిని కట్టిపడేసి పని చేయించుకుంటే అది 1976 నాటి చట్టం ప్రకారం నేరం. డెలివరీ అబ్బాయిలకు మాత్రం ఈ ఓటీ లెక్క కుదరదు, యాప్ వాళ్లు వాళ్లను ఉద్యోగులుగా చూపించరు.

లాయర్‌కు డబ్బు లేదని రాశారు. లేబర్ ఆఫీసులో అర్జీకి లాయర్ అక్కర్లేదు. క్లెయిమ్ దాకా వెళ్తే జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో ఉచితంగా లాయర్‌ను ఇస్తారు. ఎస్సీ, ఎస్టీలకు, మహిళలకు ఆదాయంతో సంబంధం లేదు. 15100కి ఫోన్ చేస్తే ఎక్కడికి రావాలో చెబుతారు.

మహబూబ్‌నగర్ వెళ్లే రోజు మాత్రం మీ వీకాఫ్ అయ్యేలా చూసుకోండి, లేదా రాతపూర్వకంగా సెలవు పెట్టి వెళ్లండి. చెప్పకుండా డ్యూటీ ఎగ్గొట్టి లేబర్ ఆఫీసుకు పోయినవాడి మీద మొట్టమొదటి మెమో ఆ గైర్హాజరుకే వస్తుంది. ఆ మెమో టైపు చేసేది నాలాంటివాడే.